ముందు నీ ఒళ్ళు నువ్వు మొయ్యి

ధనుంజయరావు మోటరు వెయ్యడానికి చేలోకి వెళ్ళగానే విజయలక్ష్మి పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూసింది. రేకుల షెడ్డు ముందు కూతురు భవిత నేల మీద అరచేతులు ఆన్చి, ఒళ్ళంతా బిగబట్టి దండీలు తీస్తోంది. పన్నెండు రోజులుగా రోజూ ఇదే వరస.

"తొందరగా కానివ్వవే, మీ నాన్న వచ్చేలోపు అయిపోవాలి," అంది విజయలక్ష్మి.

"ఇంకా వేలాడేది ఉందమ్మా," అంటూ భవిత లేచి షెడ్డు ఇనప పైపు పట్టుకుంది.

నూజెండ్ల మండలం మొత్తం మీద వెయిట్ లిఫ్టింగ్ చేసే ఆడపిల్ల భవిత ఒక్కతే. జిల్లా పోటీల్లో గెలిచింది. వచ్చే నెల రాష్ట్ర సెలక్షన్స్. అరవై ఐదు కిలోల బారు తలపైకి ఎత్తే ఆ పిల్ల, నరసరావుపేటలో కోచ్ హలీమా మేడం పీట మీద కూర్చోబెట్టి ఒంటికాలి మీద లేవమంటే లేవలేక కూలబడింది. బారు పైకెత్తినప్పుడల్లా కుడి భుజం వణకడం కూడా మేడం కంట పడింది.

"బారు మానమని కాదు," అందట ఆవిడ. "కాళ్ళకీ నడుముకీ బారు చెయ్యి. తలపైకి మాత్రం నెల రోజులు ఎత్తొద్దు. భుజాలకి నీ ఒంటి బరువు చాలు. ఈ రెండూ జతగా నడవకపోతే సెలక్షన్స్ దాకా నీ భుజం ఉండదు. ముందు నీ ఒళ్ళు నువ్వు మొయ్యి, తర్వాత ఇనుము మోద్దువుగాని."

ఈ మాట వినగానే ధనుంజయరావు ఇంతెత్తున లేచాడు. బరువెత్తే పిల్లకి బరువే నేర్పాలనీ, ఈ డ్రిల్లు బడిపిల్లలదనీ తేల్చేశాడు. ఆ మేడానికి ఫోన్ చేసి నాలుగు మాటలు కూడా అన్నాడు. ఆ ఇంట్లో తీర్మానాలన్నీ అలాగే జరుగుతాయి, ఓటింగ్ ఉండదు. అందుకే తల్లీకూతుళ్ళు ఈ దొంగతనానికి దిగారు. సాయంత్రం ఆయన ముందు తలపైకి ఎత్తే వంతు వచ్చేసరికి భవితకి కడుపునొప్పి వచ్చేది. పాపం, ఆయన రెండుసార్లు ఓమ వాటర్ కూడా తెచ్చిపెట్టాడు.

ఇవాళ బండి చప్పుడు వేళకాని వేళ వినిపించింది. విజయలక్ష్మి నోరు తెరిచేలోపే ధనుంజయరావు పెరట్లోకి వచ్చేశాడు. భవిత ఇంకా పైపుకి వేలాడుతూనే ఉంది.

"దిగు," అన్నాడు.

ఆయన అరిస్తే విజయలక్ష్మికి భయం లేదు. ఇలా మెల్లగా మాట్లాడితేనే భయం.

"హోటల్ కాడ నలుగుర్లో నా తల తీసేశారే. మన డ్రిల్లు పక్కింటి హనుమాయమ్మత్త వాళ్ళ డాబా మీంచి చూసిందంట. అది సాంబశివరావు బావ చెవిన పడింది. నీ కూతురు బరువులెత్తలేక పీటీ పిరియడ్‌లో పడింది గందా బావా, అని ఒకటే నవ్వు. వాళ్ళ పార్టీ వాళ్ళంతా నవ్వారు."

"నవ్వితే నవ్వనీ నాన్నా."

"నవ్వనిచ్చి రాలా. ఆదివారం పంచాయితీ ఆఫీసు ముందు మా అమ్మాయి డెబ్బై ఎత్తుద్ది, వచ్చి చూడండని చెప్పొచ్చా."

విజయలక్ష్మి వంటింట్లోంచి గుమ్మంలోకి వచ్చింది. డెబ్బై ఆ పిల్ల ఎప్పుడూ ఎత్తలేదు.

"నేను ఎత్తను," అంది భవిత. "కడుపునొప్పి అబద్ధం నాన్నా. నొప్పి భుజంలో. ఇప్పుడిప్పుడే తగ్గతంది. ఇప్పుడు డెబ్బై పెడితే పోద్ది."

"అబద్ధాలు కూడా నేర్చావన్నమాట. నేనిచ్చిన మాటేం కావాలి?"

"నన్నడిగి ఇచ్చావా?"

ధనుంజయరావు షెడ్డులోకి వెళ్ళి, ఒక్కో పలకా ఎడంచేత్తో తెచ్చి బారుకి ఎక్కించాడు. "ఇప్పుడే ఎత్తు. ఎత్తకపోతే పేట లేదు, మేడం లేదు, సెలక్షన్సూ లేవు. ఆ బస్సు పాసు ఇటిచ్చేసి ఇంట్లో కూర్చో."

భవిత తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని బారు దగ్గరికి నడిచింది. అరచేతులకి సుద్దపొడి రాసుకుని వంగింది. వంగినప్పుడే ఆ కుడి భుజం సన్నగా అదరడం విజయలక్ష్మికి కనిపించింది. తను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇలా నిలబడి చూడటం ఆమెకి కొత్త కాదు, ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటు మీద ఆమెకి ఒక్కసారిగా అసహ్యం వేసింది.

గబగబా వెళ్ళి బారు మీద కూర్చుంది.

"ఏమే, లేవ్వే," అన్నాడు ధనుంజయరావు.

"లేవను. నన్ను కూడా కలిపి ఎత్తమనండి."

"మధ్యలో నీ గోలేంది?"

"మీరు ఆ చొక్కా విప్పి మళ్ళీ తొడుక్కోండి. మీ అంతట మీరు తొడుక్కుంటే, అప్పుడు లేస్తా."

ధనుంజయరావు మొహంలో రంగు మారింది. "నోరు ముయ్యి."

"పదకొండేళ్ళు మూశా." విజయలక్ష్మి కూతురి వైపు తిరిగింది. "రోజూ పొద్దున తలుపేసుకుని మీ నాన్నకి చొక్కా తొడిగేది నేనేనే. ఆ కుడిచెయ్యి పైకి లేవదు. రెండు మిర్చి టిక్కీ బస్తాలు, తొంభై కిలోలు, పందేనికి ఒక్కసారే తలమీదికి ఎత్తబోయాడు. ఇదే నలుగురి ముందు. భుజం పట్టు తప్పింది, నొప్పి బయటపడనీకుండా ఇంటికొచ్చాడు. బండి మీంచి పడ్డానని చెప్పమన్నాడు. చెప్పా. నీక్కూడా అదే చెప్పా. పరువు కాపాడుతున్నాననుకున్నా. నీకు నిజం చెప్పుంటే ఇయ్యాళ ఈ బారు కాడికి వచ్చేదానివా."

"నిజమా నాన్నా?" అంది భవిత.

ఆయన ఎడంచేత్తో కుడి భుజం పట్టుకున్నాడు.

"నీకు బలం లేక కాదు నాన్నా. బలం చానా ఉంది. ఆ బలాన్ని భుజంలో పట్టి ఉంచేవి చిన్న చిన్న కండలంట. వాటిని ఎవరూ పట్టించుకోరు. నేను దండీలు తీసేదీ, వేలాడేదీ వాటికోసమే. నాకూ నీలాగే ఉంది భుజం. మేడం ముందే కనిపెట్టింది, అంతే తేడా."

ధనుంజయరావు ఎక్కించిన పలకల వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఏమీ అనకుండా వీధిలోకి నడిచాడు. బండి కూడా తియ్యలేదు. విజయలక్ష్మికి ఆయన కోపం తెలుసు, పంతం తెలుసు, ఈ మౌనం మాత్రం తెలియదు. పొయ్యి కట్టేసి, కూతురి చెయ్యి పట్టుకుని వెనకే పరిగెత్తింది.

ఆయన తిన్నగా హోటల్ ముందుకి వెళ్ళి ఆగాడు. సాంబశివరావు టీ గ్లాసు పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది.

"ఏంది బావా, డెబ్బైని ఎనభై చేశావా?"

"ఆదివారం లేదు బావా," అన్నాడు ధనుంజయరావు. "మా అమ్మాయి ఎత్తదు. దాన్ని అడక్కుండా మాటిచ్చా. తప్పు నాదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. విజయలక్ష్మి తల వంచుకోబోయి, వంచుకోలేదు.

"ఇంకోటి కూడా చూడండి." ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పళ్ళు బిగించి ఇంకా ఎత్తబోతే గజగజ వణికింది. "పదకొండేళ్ళుగా ఇంతే లేస్తంది. టిక్కీల పందెం రోజు పోయింది. నేను బండి మీంచి పడలా."

సాంబశివరావు గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"ఆ రోజు ఎత్తమని నిన్ను ఎగదోసింది నేనే గందా," అన్నాడు. "పదకొండేళ్ళు ఒక్క మాటైనా అనలేదే బావా."

"చెప్తే నీ ముందు ఓడినట్టేనని."

సాంబశివరావు తల దించుకున్నాడు. భవిత ముందుకి వెళ్ళి, గాల్లో వణుకుతున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దించింది.

"బుధవారం నాతో పేటకి రా నాన్నా. మేడానికి చూపిద్దాం. గోడకి చేతులు ఆన్చి చేసేవి ఉన్నాయి, వయసైనోళ్ళు కూడా చేస్తారు."

"ఫోన్‌లో ఆమెని అన్నన్ని మాటలన్నా. రానిస్తదా?"

"నువ్వే చెప్పుకో. నేను పక్కనే ఉంటా."

ధనుంజయరావు సరేనని తలూపి అడిగాడు. "పొద్దున నేల మీద ఎన్ని తీస్తన్నావే?"

"ఇరవై ఆరు."

"విన్నావా బావా," అన్నాడు ధనుంజయరావు సాంబశివరావుతో. "ఇరవై ఆరంట. మన ఊళ్ళో ఏ మగపిల్లోడు..."

మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేశాడు. ఆయన నలుగురిలో ఏడవడం విజయలక్ష్మి అదే మొదటిసారి చూసింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆమె కూడా ఏడుస్తూ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.