మొక్కుబడిలో చిక్కిన ల్యాప్‌టాప్

శనివారం పొద్దున ఎలిశబెతు సద్దన్నంలో మజ్జిగ పోసి గిన్నె కూతురి ముందు పెట్టింది. ఏంజెలిన్ తినడం లేదు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో తెర మీది బొమ్మను పెద్దది చేస్తూ, ఇంకో చేత్తో నోట్సు గీకుతోంది. రేపటి నుంచి ఆ ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండదు. మూడు వారాల్లో పరీక్షలు. ఈ ఒక్కరోజులోనే ఏడు పుస్తకాలూ బుర్రలోకి ఎక్కించేసుకోవాలని ఆ పిల్ల ఆరాటం.

"తినుమే. అన్నం ఏం పాపం చేసింది?"

"ఈ గుండె బొమ్మ ఒక్కటి అయిపోనీమా."

అల్లూరు దగ్గర వాళ్ల ఊరి నుంచి ఏంజెలిన్ రోజూ బస్సులో నెల్లూరు పోయి నర్సింగు చదువుతోంది. మొదటి సంవత్సరం. సీటు ఉచితంగా వచ్చింది గానీ పుస్తకాలు ఎవరు ఉచితంగా ఇస్తారు? ఒక్కొక్కటి ఇటుకరాయంత లావు. అనాటమీ పుస్తకం ఒక్కటి కొనాలంటే ఎలిశబెతు రొయ్యల కంపెనీలో వారం రోజులు నిలబడి తలలు గిల్లాలి. కాలేజీలో మొదటి పరీక్షకు స్నేహితురాలు వినీల పుస్తకం అడిగి తెచ్చుకుంటే, రేపు పరీక్ష అనగా ఆ పిల్ల తనకే కావాలని పట్టుకెళ్లింది. ఆమె తప్పేం ఉంది, ఆమెకూ పరీక్షే. ఏంజెలిన్ ఆ పరీక్ష తప్పింది.

ఫిబ్రవరిలో కాలేజీలో పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. లైబ్రరీ పుస్తకాలన్నీ అందులోనే తెరుచుకుంటాయి. ఆ సంతోషంలో ఎలిశబెతు వీధంతా తిరిగి చెప్పుకుంది. అదే కొంప ముంచింది.

ఎందుకంటే మాట ఇవ్వడంలో సమాధానం అనే ఆమె మొగుణ్ని మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా పని ఆయనది. చర్చిలో మాత్రం పదిహేనేళ్లుగా సంఘపెద్ద. కూతురికి సీటు వచ్చిన ఆదివారం దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పడానికి లేచి, ఆనందం పట్టలేక, "నా బిడ్డ చదువు నుంచి మా ఇంటికి ఏది మొదట వస్తే అది కోత పండుగ నాడు దేవుని బల్ల మీద పెడతా" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆయన మనసులో ఉన్నది నాలుగేళ్ల తర్వాత వచ్చే మొదటి జీతం. జీతం అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అనలేదు మహానుభావుడు.

కోత పండుగ నాడు పొలం ఉన్నవాళ్లు వడ్లు తెస్తారు, పెరడు ఉన్నవాళ్లు గుమ్మడికాయలు తెస్తారు, మొక్కుకున్నవాళ్లు మొక్కుకున్నది తెచ్చి బల్ల మీద పెడతారు. పెట్టనివాడి పేరు ఏడాది పొడుగునా నలుగురి నోళ్లలో నానుతుంది. సమాధానం ఇంటికి ల్యాప్‌టాప్ వచ్చిందని తెలియగానే, ఇక పాటలు గోడ మీద చూసి పాడుకోవచ్చని సంఘంలో కుర్రాళ్లు ప్రొజెక్టరూ, తెల్లటి తెరా కూడా కొని తగిలించేశారు. ఇప్పుడు ఆయన వెనక్కి తగ్గడానికి దారి ఎక్కడుంది?

ఆ పొద్దున గుంటల దగ్గర నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే అన్నాడు సమాధానం. "దాన్ని తుడిచి సంచిలో పెట్టమ్మా. రేపు టైముండదు."

"అమ్మకూడదు, ఎవురికీ ఇయ్యకూడదని సంతకం పెట్టి తెచ్చినా నాయనా."

"దేవునికిస్తే ఎవురికో ఇచ్చినట్టా? చర్చికే పోయి చదువుకో. ఎవురొద్దన్నారు?"

"ఏడింటికి ఆడ తాళం వేస్తారు. నేను బస్సు దిగేదే ఏడున్నరకు."

ఎలిశబెతు ఊరుకోలేదు. "నోరు నీది, మొక్కు నీది. పోయేది మాత్రం దాని చదువా? అయితే ఆ ఏడు పుస్తకాలూ కొనియ్యి, ల్యాప్‌టాప్ నేనే మోసుకొస్తా."

"ఈ ఏడాది రొయ్యకు జబ్బొచ్చి ఓనరు సగం జీతమే ఇస్తుండాడని నీకు తెలవదా? నాకు మాత్రం సంతోషమా మే? నలుగురిలో నిలబడి అన్నా. ఉత్త చేతుల్తో పోతే రేపు ఆ గడప ఎట్టా తొక్కేది? ముందు నుయ్యి, వెనక గొయ్యి నాకు."

ఏంజెలిన్ ల్యాప్‌టాప్ మూసింది. "నా చదువు నుంచి ఈ ఇంటికి మొదట వచ్చింది ఇది కాదు నాయనా."

"ఇంకేం వచ్చింది? ఖర్చు వచ్చింది."

"నీకు చదవడం వచ్చింది."

ఎలిశబెతు చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. సమాధానం బడి ముఖం చూడలేదు. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకునే జ్ఞాపకం ఉంది కాబట్టి, కంఠతా వచ్చిన వాక్యాలతోనే సంఘపెద్ద అయ్యాడు. ఎవరైనా చదవమంటే కళ్లద్దాలు మరిచిపోయానని తప్పించుకునేవాడు. ఏంజెలిన్ ఐదో తరగతిలో ఉండగా, తలుపు గడియ వేసుకుని, పదేళ్ల కూతురి దగ్గర పలక పట్టాడు. నేర్చుకున్నాడు కూడా. కానీ నలుగురిలో చదివితే తడబడతాడు, తడబడితే గుట్టు బయటపడుతుంది. అందుకని తొమ్మిదేళ్లుగా ఆయన కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోతున్నాయి.

"ఎవురికీ చెప్పొద్దన్నావు, చెప్పలా. మొదటిది ఇయ్యాలంటే అది ఇయ్యి" అంది ఏంజెలిన్.

సమాధానం చెయ్యి లేచింది. కూతురు కదల్లేదు. ఆ చేతిని ఏం చేయాలో తెలియక తువ్వాలు తీసి భుజాన వేసుకుని, అన్నం తినకుండానే బయటికి వెళ్లిపోయాడు. ఏంజెలిన్ కూర్చుని ఏడ్చింది. తండ్రిని కొట్టినంత పని చేశానని ఏడ్చింది. తర్వాత ల్యాప్‌టాప్ తుడిచి తనే సంచిలో పెట్టింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. గోడ మీద తెల్లటి తెర ఖాళీగా వేలాడుతోంది. బల్ల మీద వడ్ల బస్తాలు, అరటిగెలలు, ఒక కోడిపుంజు. పాస్టరు జడ్సన్ అయ్యగారు పేరు పిలవగానే సమాధానం సంచి పట్టుకుని ముందుకు నడిచాడు. ఏంజెలిన్ తల వంచుకుంది. ఇక చూడదలచుకోలేదు.

సమాధానం సంచి బల్ల మీద పెట్టలేదు. చంకలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాకు కంఠతా రాని వాక్యం ఒకటి తీసియ్యండి" అన్నాడు.

అయ్యగారు ఆశ్చర్యపోతూనే బైబిల్లో ఒక పుట తీసి ఇచ్చారు. సమాధానం జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. మగవాళ్లు మొహాలు చూసుకున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మెడ మీద చెమట కారుతున్నా ఆయన ఆపలేదు. మూడో వరుసలో ఒక పెద్ద మాట అడ్డం పడింది. ఒకసారి ప్రయత్నించాడు, రెండుసార్లు ప్రయత్నించాడు. చర్చి అంతా ఆయన నోటి వంకే చూస్తోంది. కంఠతా వచ్చింది ఏదో ఒకటి అప్పజెప్పి దిగిపోవచ్చు. ఇన్నేళ్లూ చేసింది అదే.

ఆయన ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఏంజెలినూ, ఈ మాట ఏందో వచ్చి చెప్పమ్మా."

ఆ పిల్ల లేచి ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు. తండ్రి పక్కన నిలబడి, వరుస కింద వేలు పెట్టింది. ఇద్దరూ కలిసి ఆ మాట పలికారు. మిగతాది ఆయన ఒక్కడే చదివాడు. తప్పులతోనే చదివాడు, చివరిదాకా చదివాడు.

"నా బిడ్డ చదువు నుంచి మా ఇంటికి మొదట వచ్చింది ఇది. నా బిడ్డే నాకు నేర్పింది. సిగ్గుపడి ఇన్నాళ్లు దాచినా. ఇయ్యాల దేవుని ముందు పెడుతుండా" అన్నాడు.

ముందు వరుసలో తెర కొన్న కుర్రాడు ప్రసాద్ "మరి ఈ తెర..." అని ఏదో అనబోయాడు. జడ్సన్ అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "మొక్కు చెల్లింది. కూర్చో అబ్బయ్యా" అన్నారు.

ఎలిశబెతు కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. సమాధానం సంచి తీసి కూతురి చేతుల్లో పెట్టాడు. పదేళ్ల పిల్లప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన వేళ్లు అవి. వాటికి పుస్తకం కొనివ్వలేని తండ్రి, చేతికి వచ్చినదాన్ని కూడా లాక్కోబోయాడు. ఆ సంగతి ఇప్పుడు ఆయన గుండెకు తగిలింది.

"పరీక్షలు ఎప్పుడన్నావమ్మా?" అన్నాడు.

కూతురి చదువు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఏంజెలిన్ తేదీ చెప్పబోయి, చెప్పలేక, తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.