వెనకొచ్చే గొంతు

“మళ్ళా తాళం తప్పినారు.”

సామ్సన్ ఈ మాట అనడం మూడోసారి. మొదటిసారి నవ్వుతూ అన్నాడు. రెండోసారి కాస్త దగ్గి అన్నాడు. మూడోసారి మాత్రం కంప్యూటర్ వైపే చూస్తూ, పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవారిలా అన్నాడు.

మైకు ముందు నిలబడ్డ ఎస్తేరు హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది.

“నేను తప్పలేదు.”

“ఈడ కనపడ్తాండాది చూడండి. తబలా దెబ్బ ఈడ, మీ గొంతు ఆడ. చరణం చివరికొచ్చేసరికి ఇంగా ఎనక్కి పోయింది.”

“మీ డబ్బానే తప్పు చూపిస్తాండాదేమో.”

“దాన్ని పోయిన వారమే బాగు చేసినాను.”

ఆ మాట అనేటప్పుడు సామ్సన్ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఆదోనిలో మేడ మీది తన గదినే స్టూడియో చేసుకున్నాడతను. విత్తనాల దుకాణాల ఆటో ప్రకటనలు, పెళ్ళి పాటలు, చర్చి పాటలు అన్నీ అక్కడే రికార్డు చేస్తాడు. పోయిన వారం, మైకును కంప్యూటర్‌కు కలిపే అతని సౌండ్ కార్డు డబ్బాలో పేలాలు వేగినట్టు ఒకటే చిటపటలు. కేబుల్ మార్చాడు, కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టాడు, ఫలితం లేదు. చివరికి సెట్టింగుల్లో బఫర్ అనేదాన్ని ఉన్నంతా పెంచితే చిటపట మాయమైంది. బఫర్ అంటే, వచ్చిన శబ్దాన్ని కంప్యూటర్ కాసేపు దగ్గర పెట్టుకుని తీరిగ్గా బయటికి పంపే చోటు. ఎంత పెంచితే అంత తీరిక. ఆ తీరిక ఎవరి ప్రాణం మీదికొస్తుందో అతను ఆలోచించలేదు.

అది ఎస్తేరు ప్రాణం మీదికే వచ్చింది. పాట ఆమె రాసిందే, రాగమూ ఆమె కట్టిందే. వచ్చే నెల ఎమ్మిగనూరు సువార్త సభల్లో దాన్ని విడుదల చేస్తారు. ఈ రోజు సాయంత్రంలోగా మంచి రికార్డింగు పంపితే ఆమె గొంతుతోనే వస్తుంది. లేదంటే హైదరాబాదు గాయని ఒకామె పాడుతుంది. సంఘ పెద్దలు ఆమెతో ముందే మాట్లాడి పెట్టుకున్నారు.

“ఇంగొకసారి పాడతారా?” అన్నాడు సామ్సన్.

“పాడితే మళ్ళా అదే అంటారు. ఒక మాట చెప్తాను వినండి. నేను పాడుతాంటే ఎవరో నా ఎనకాలే పాడుతాండారు. ఆమె అందుకునేదాకా నిలబడితిని. అది మీకు తాళం తప్పినట్టుంది.”

“ఎవరు పాడేది? ఈ గదిలో ఉండేది మనమిద్దరమే కదా.”

“నాకేం తెలుసు. మా అమ్మతో పత్తి ఏరేదానికి పోయినప్పుడు సాళ్ళల్లో అట్లనే పాడుకుంటాం. ముందు పాడే మనిషి ఎనకబడినోళ్ళ కోసం నిలబడాల. వాళ్ళని ఇడిచిపెట్టి పోతే అది పాటెట్లయితాది?”

చెబుతుండగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అతనికి కనపడకూడదని గబగబా సంచి భుజాన వేసుకుంది.

“ఆ హైదరాబాదామెనే పాడనీండి. ఆమెకు తాళం బాగా వస్తాదేమో.”

మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

సామ్సన్ మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాడు. నిజానికి పొద్దున ఆమె మెట్లెక్కి వచ్చినప్పటి నుంచీ అతని మనసు పనిలో లేదు. ఆమెను చూస్తే చెయ్యి సాగదని కంప్యూటర్‌కు కళ్ళప్పగించి కూర్చున్నాడు. ఆమెకది పొగరులా కనపడి ఉంటుంది.

వెనక పాడింది ఎవరు?

ఆమె వదిలి వెళ్ళిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకు ముందు చిటికె వేశాడు. వేళ్ళ మధ్య చిటికె అయిపోయాక చెవిలో చిటికె వినపడింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆలస్యమే.

ఈ వారమంతా వచ్చినవి ఆటో ప్రకటనలు, తాళంతో పనిలేనివి. తను పాడడు, మైకు ముందు నిలబడడు. చిటపట పోయిందని మురిసిపోయాడే గానీ ఆ హెడ్‌ఫోన్ ఒక్కసారి పెట్టుకుని వినలేదు. ఎస్తేరు గొంతు కంప్యూటర్‌లో ఆగి ఆగి, ఆలస్యంగా ఆమె చెవికే చేరింది. వెనకొచ్చే గొంతు ఆమెదే. ఎవరో వెనకబడ్డారనుకుని, పాపం, ఆగింది.

అలాంటి మనిషిని పట్టుకుని తాళం రాదన్నాడు. అతనికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ప్రింటరుతో కలిపి ఒకే యూఎస్‌బీ హబ్బుకు పెట్టిన కార్డును పీకి, కంప్యూటర్ వెనక నేరుగా పెట్టాడు. ఫార్మాట్ కొట్టాక కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. అదీ ఎక్కించి, బఫర్ తగ్గించాడు. చిటపట రాలేదు. కార్డు ముందు ఒక బుల్లి స్విచ్చి ఉంది. నొక్కితే మైకులో మాట కంప్యూటర్‌తో పనిలేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. నొక్కి చిటికె వేశాడు. వేసిన క్షణమే వినపడింది.

మళ్ళీ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆమెను తిరిగి రమ్మనడానికి అతనికి ముఖమూ లేదు, టైమూ లేదు. కంప్యూటర్ డబ్బానూ, మైకు, కార్డు సామాన్లనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బండికి కట్టాడు. సగం దారిలో వాన పట్టుకుంది.

ఎస్తేరు ఊరు ఎమ్మిగనూరులో అడ్రసు అడుగుతూ ఆమె ఇంటికి చేరేసరికి నిలువునా తడిసిపోయాడు. తలుపు తీసింది వీరమ్మ, ఎస్తేరు తల్లి.

“ఎవరప్పా నువ్వు?”

“ఆదోని నుంచి వచ్చినానమ్మా. రికార్డింగు సామ్సన్.”

“ఓ, తాళం అయ్యవారా.” వీరమ్మ అతన్నీ, సంచినీ మార్చి మార్చి చూసింది. “పెట్టెకు సంచి కప్పినావు. నీకు కప్పుకోలేదా?”

“అది తడిస్తే పనికిరాదమ్మా.”

“నువ్వు తడిస్తే పనికొస్తావా? లోపలికి రా.”

లోపలి గుమ్మంలో ఎస్తేరు చేతులు కట్టుకుని నిలబడింది.

“యాల వచ్చినారు? తప్పులు ఇంగా మిగిలినాయా?”

“మిగిలినాయి. అన్నీ నావే.”

బఫర్ సంగతి, చిటికె సంగతి అంతా చెప్పాడు. ఆమె ముఖం ముడుచుకునే వింది. చివర్లో మాత్రం పెదవి చివర నవ్వు ఆగలేదు.

“అయితే నేను నా కోసమే నిలబడితినా?”

“అవును. తాళం తప్పింది నా కార్డు, మీరు కాదు.”

మానిటర్ తేలేదు కాబట్టి ఇంట్లో టీవీకే కంప్యూటర్ తగిలించాడు. తాడు కట్టి, ఇంట్లోని దుప్పట్లన్నీ మైకు చుట్టూ వేలాడదీశారు. తీరా వాన తగ్గితే, పక్కింటి మగ్గం చప్పుడు మొదలైంది. వీరమ్మ గోడ దగ్గరికి వెళ్ళి కేకేసింది.

“భీమప్పా, ఒగ పాట అయ్యేదాకా మగ్గం నిలబెట్టప్పా.”

మగ్గం ఆగింది. ఎస్తేరు పాడింది.

ఈసారి ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. సామ్సన్ ఈసారి టీవీ వైపు చూడలేదు.

“తాళం ఎట్లుండాది?” అంది పాట అయ్యాక.

“చూడలేదు.”

“మరేం చూసినారు?”

అతను ఉలిక్కిపడి టీవీ వైపు తిరిగాడు. తబలా దెబ్బ ఎక్కడుందో గొంతు అక్కడే ఉంది, మొదటి నుంచి చివరిదాకా.

రికార్డింగు సంఘ పెద్దలకు పంపి కూర్చున్నారు. వీరమ్మ తన కూతురి పాట వింటానంది. హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి, వైరు సాగినంత దూరం, దుప్పట్ల అవతల పీట వేసి కూర్చోబెట్టాడు సామ్సన్. అంతలో ఎస్తేరు ఫోన్ మోగింది. ఆమె వింటూ ‘సరే అయ్యగారూ’ అని మాత్రం అంది. ఫోన్ పెట్టేశాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“నా గొంతే పెడ్తామన్నారు. హైదరాబాదామెకు వద్దని చెప్పేస్తారంట.”

సామ్సన్‌కు ఎంత సంతోషమేసిందంటే, ఇంకెప్పటికీ చెప్పలేననుకున్న మాట నోటికొచ్చేసింది.

“పొద్దున నేను కంప్యూటర్ పక్క చూస్తా కూర్చున్నది పొగరుతో కాదు. మిమ్మల్ని చూస్తే పని సాగదని. పాట కోసం ఒకటే అయితే మెసేజ్ పెట్టి ఊరుకుంటాంటి. మీరంటే నాకు ఇష్టం. అందుకే వానలో వచ్చినాను.”

ఎస్తేరు మైకు స్టాండు మీద వేలితో గీతలు గీసింది.

“నేను ఫోన్ ఎత్తలేదు కదా,” అంది చివరికి.

“ఎత్తలేదు.”

“మంచిదే అయింది.”

దుప్పటి పక్కకు తొలగింది. వీరమ్మ తల మీద హెడ్‌ఫోన్ ఇంకా అలాగే ఉంది.

“పాట ఎప్పుడో అయిపోయిందప్పా. ఆ ఎనక మాటలు వచ్చినాయి. శానా బాగా ఇనపడ్తాండాయి.”

సామ్సన్ మైకును చూశాడు. కార్డు మీది స్విచ్చిని చూశాడు. దాన్ని నొక్కింది తనే. అతని చెవులు ఎర్రబడ్డాయి.

వీరమ్మ హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా అతని చేతిలో పెట్టింది.

“ఈ పిల్ల నాయన వచ్చే ఆదివారం ఇంటికాడే ఉంటాడు. ఆ పొద్దు మీ అమ్మను పిల్చుకొని రా.”

సామ్సన్ ఇంకా తేరుకోలేదు.

“మా అమ్మ పాడదమ్మా.”

ఎస్తేరు నవ్వాపుకోలేక దుప్పట్లో ముఖం దాచుకుంది.

“పాడేదానికి కాదు,” అంది అందులోంచే. “మాట్లాడేదానికి.”