ఉప్పల్‌లో ఉడికిపోయిన వాషింగ్ మిషన్

మధ్యాహ్నం రెండింటికి నాచారంలోని డిటెక్టివ్ రెబెక్కా ఆఫీసులోకి అమూల్య పరుగున వచ్చింది. చేతిలో ఇంకా తడి తువ్వాలు ఉంది.

"మేడమ్, నా వాషింగ్ మిషన్ పొయ్యి లెక్క కాలుతుంది! కాలిన వాసన గూడ వస్తుంది. ఐదింటికి ఎక్స్‌ఛేంజ్ ఆయన తీస్కపోతడట. నా ఫస్ట్ జీతంతోటి కొన్నది మేడమ్!"

"ఆయన్ని ఎవరు పిలిచిన్రు?"

"మా మామయ్య. నేనే బట్టలు కుక్కి కుక్కి ఖరాబ్ జేసిన్నట. ఒట్టు, నేనేం జేయలే!"

అసిస్టెంట్ బెంజమిన్ అప్పటికే బ్యాగు భుజాన వేసుకున్నాడు. అందులో భూతద్దం పక్కనే టెస్టరు, స్క్రూడ్రైవర్లు. రెబెక్కా ఎలక్ట్రీషియన్ కూతురు. యంత్రాలను కూడా సాక్షుల్లాగే విచారిస్తుంది. ఆమెను పెళ్లాడి నలభై రోజులే అయిన బెంజమిన్‌కు ప్రతి కేసూ పండగే. డ్యూటీలో మాత్రం ఆమె 'మేడమ్', అతను ఉత్త 'బెంజమిన్'; వరసలు పెట్టి పిలుచుకోకూడదు. ఆ రూలు ఆమెదే.

ఉప్పల్ ఫ్లాట్‌లో అమూల్య మామగారు, రైల్వేలో రిటైరైన విశ్వనాథం తలుపు తీశాడు.

"డిటెక్టివా? బానే ఉంది! బట్టల మిషన్‌కి బేడీలు వేస్తావా అమ్మా?"

"అవసరమైతే ఏస్తా అంకుల్. ఎన్నడు మొదలైంది ఇది?"

"ఆదివారం సాయంత్రం నుంచి," అంది అమూల్య. "ఇర్వై నిమిషాలు తిరిగి ఆగుతది. గంటైనంక మళ్ల మంచిగనే తిరుగుతది."

"ఆదివారం ఇంట్ల ఏం జరిగింది?"

అమూల్య భర్త రిషి బుర్ర గోక్కున్నాడు. "పొద్దున ప్లగ్గు నేనే మార్చానండీ. తర్వాత నాన్నగారి స్కూటర్ వైర్లు ఎలుక కొరికిందని రోజంతా గొడవ."

"ఇంకోసారి ఈ ఇంట్లో దాని ఆటలు సాగనిస్తానా!" అన్నాడు విశ్వనాథం.

రెబెక్కా బాల్కనీలో ఉన్న మిషన్‌ను బట్టలు లేకుండా నీళ్లతోనే నడిపించింది. ఇరవై నిమిషాలకు అది ఆగింది. ప్లగ్గు తాకి చూసింది, చల్లగా ఉంది. నీళ్లూ చల్లగానే ఉన్నాయి. బెంజమిన్ అడుగున రేకు మీద వేలు పెట్టి "అబ్బా!" అన్నాడు.

"బావా, జర సూస్కో!" అంటూ ఆమె ఆ వేలు పట్టుకుని ఊదింది. రూలు తప్పింది ఆమే! బెంజమిన్‌కు ఇంకో వేలు కూడా కాల్చుకోవాలనిపించింది.

ఆమె ప్లగ్గు పీకి, నీళ్లు వదిలేసి, డ్రమ్మును చేత్తో తిప్పింది. నున్నగా తిరిగింది. "దొరికిండు," అంది మెల్లగా. "అందరు బాల్కనీలకు రాండ్రి."

అందరూ మిషన్ చుట్టూ నిలబడ్డారు.

"బట్టలు లేకుండనే వేడెక్కింది. అంటే తప్పు అమూల్యది గాదు. ప్లగ్గు సల్లగుంది, రిషిగారు బతికిపోయిన్రు. నీళ్లు సల్లగున్నయ్, హీటరు తప్పు గూడ లేదు. డ్రమ్ము ఎక్కడా పట్టేస్తలేదు. మోటారు మంచిగుంది, కానీ దానికి గాలాడుతలేదు. వేడెక్కితే కాలిపోకుండ తానే బంద్ అయితది, సల్లబడ్డంక లేస్తది. బావా, వంచు!"

మిషన్ అడుగున గోనెసంచి మడతలు పెట్టి కూరి ఉంది, ఇనప తీగతో బిగించి. లోపలి అంచు కమిలిపోయింది.

"ఆదివారం ఎలుకల మీద పగబట్టింది ఎవరంకుల్?"

విశ్వనాథం తల దించుకున్నాడు. "నేనే. దీని వైర్లూ కొరికేస్తాయని... పిల్ల మొదటి జీతంతో కొనుక్కుంది కదా." అంతలోనే తల ఎత్తాడు. "అయినా గోనెపట్టా వల్లే అని నమ్మకం ఏమిటి?"

రెబెక్కా సంచి లాగేసింది. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. రిషి కొనుక్కొచ్చిన ఇనప జాలీని అడుగున బిగించింది. గాలి వస్తుంది, ఎలుక రాదు. గంట గడిచి మోటారు చల్లబడ్డాక అమూల్య నిండుగా బట్టలు వేసింది. బెంజమిన్ వాచీ పట్టుకున్నాడు.

పద్దెనిమిదో నిమిషంలో కింద ఎక్స్‌ఛేంజ్ ఆయన ఆటో ట్రాలీ హారన్ మోగింది. అమూల్య కళ్లు మూసుకుంది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి!

మిషన్ ఆగలేదు. ఇరవై అయిదో నిమిషంలో విశ్వనాథం వంగి, రేకు మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత లేచి బాల్కనీ అంచుకు వెళ్లాడు.

"వెళ్లిపో బాబూ! తప్పు దీనిది కాదు, నాది!"

మిషన్ పని ముగించి కూత పెట్టింది. అమూల్య ఒక్క గెంతు గెంతింది. విశ్వనాథం లోపలికి వెళ్లి, మాసిన పంచె ఒకటి పట్టుకొచ్చి మొహమాటంగా నిలబడ్డాడు.

"ఏ బటన్ నొక్కాలమ్మా?"

"ఇగో, ఇది. మీరే నొక్కుండ్రి మామయ్యా," అంది అమూల్య. "మన మిషనే గదా."