కృష్ణ ఒడ్డు ఇసుక తిన్నెలు

శ్రీపతికి నడక పిచ్చి. బషీర్‌బాగ్‌లో ఆఫీసు, అశోక్‌నగర్‌లో కిరాయి ఇల్లు. చలికాలం మొదలైతే చాలు, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఏ గుట్టకో వాగుకో పోయి, రోజంతా నడిచి పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాడు. పెళ్లయ్యాక భార్య అరుంధతినీ వెంట తిప్పాడు. తొంభై అయిదు కార్తీకంలో ఇద్దరూ కృష్ణ ఒడ్డు ఇసుక తిన్నెలకు వెళ్లారు. తిరిగొచ్చింది అతనొక్కడే.

"నేను ముందు నడుస్తున్న. కాళ్లు కడుక్కుందామని కిందికి దిగినట్టుంది. నాకేం వినపడలే" అన్నాడు. శవం దొరకలేదు. అందరూ అతని మాట నమ్మారు, అరుంధతి చెల్లెలు రాగిణి తప్ప.

సంవత్సరీకం కాకముందే అతను మళ్లీ పెళ్లికి సంబంధం ఖాయం చేసుకున్నాడని తెలిసిన రోజు, రాగిణి చిక్కడపల్లి నుంచి నడిచి వచ్చి అతని గుమ్మంలో నిలబడింది.

"అక్క ఎక్కడ పోయిందో చూపియ్యి బావా. తర్వాత ఎవర్నన్న చేసుకో."

"ఇప్పుడెందుకు రాగిణీ?"

"చూపిస్తవా? లేకుంటే ఆ పిల్ల వాళ్లింటికి పోయి నేనే మాట్లాడాల్నా?"

ఆ ఆదివారమే బయలుదేరారు. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు దిగి జొన్న చేల గట్ల మీద నడిచారు. ఎండ మెత్తగా ఉంది. నది ఒడ్డున పీరయ్య అనే ముసలి బెస్త గుండ్రటి వెదురు పుట్టిలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఒడ్డు మీదుగా తిన్నెలు లేచాయి. పసుప్పచ్చగా, నున్నగా, ఒకదాని వెనక ఒకటి. పైకి పోయేకొద్దీ పిట్టల అరుపు కిందే ఉండిపోయింది. గాలికి ఇసుక జారుతున్న సన్నని చప్పుడు తప్ప ఇంకేం లేదు. అలవాటుగా శ్రీపతి ముందు నడిచాడు. ఒకచోట ఆగకుండానే చెయ్యి చాచి చూపించాడు.

"ఇక్కడ్నే."

కింద నది నల్లగా సుడి తిరుగుతోంది. రాగిణి ఆగింది. గాలి కూడా ఆగింది. బురద వాసన వచ్చింది. దాని వెంటే కుంకుడు రసం వాసన... అప్పుడే తలంటుకున్న జుట్టు వాసన.

"ఇగో... జర ఆగుండ్రి..."

అక్క గొంతు. కింది నుంచి.

శ్రీపతి వెనక్కి తిరగలేదు. అడుగు వేగం పెంచాడు. అతనికీ వినపడిందని అప్పుడు తెలిసింది.

"ఆ రోజు గూడ పిలిచిందా?" రాగిణి గొంతు తగ్గించి అడిగింది.

"గాలి."

"పిలిచిందా?"

"ఎప్పుడూ పిలుస్తనే ఉంటది" అన్నాడు అతను, నడుస్తూనే. "నాలుగడుగులేస్తే కాళ్లు నొస్తున్నయ్ అంటది. ఎన్నిసార్లని ఆగాలె? విసుగొచ్చింది."

"మునుగుతున్నదని తెల్వదా?"

అతను నడక ఆపలేదు.

రాగిణి ఒళ్లంతా భగ్గుమంది. కానీ పాదాల కింద ఇసుక మాత్రం... చల్లగా ఉంది. ఆ మధ్యాహ్నపు ఎండలో, బావి అడుగులా చల్లగా. అడుగు తియ్యబోయింది. రాలేదు. పాదాలు చీలమండల దాకా కూరుకుపోయి ఉన్నాయి.

"ఆగుండ్రి..."

ఈసారి దగ్గర్నుంచి. బతిమాలుతున్నట్టు లేదు.

శ్రీపతి ఆగాడు. మొదటిసారి వెనక్కి తిరిగాడు. అతని ముఖంలో నెత్తురు లేదు. తర్వాత మెల్లగా, ఎవరో నడిపిస్తున్నట్టు, వాలు దిగడం మొదలుపెట్టాడు. నది వైపు.

"బావా, ఆగు."

ఆగలేదు.

"బావా..."

తిరిగి చూడలేదు. తల తిన్నె అంచు కిందికి దిగిపోయింది. నీళ్ల చప్పుడు కూడా కాలేదు.

ఎంతసేపటికి కాళ్లు వదిలాయో ఆమెకు తెలియదు. పడుతూ లేస్తూ ఒడ్డుకు వచ్చింది. పీరయ్య పుట్టిని నీళ్లలోకి నెట్టుకుని దూరంగా ఉన్నాడు.

"తాతా, మా బావ నదిల వడ్డడు. జర చూడు."

"నన్నెందుకు అడుగుతున్నవమ్మా?" ముసలాయన దగ్గరికి రాలేదు. "నువ్వే గద, చెయ్యి వట్టి గుంజుకపోతివి. వద్దు వద్దని ఆయన మొత్తుకుంటుంటే."

"నేను పైన్నే ఉన్న. కిందికి దిగనే లేదు."

పీరయ్య ఆమె బట్టల వైపు చూశాడు. రాగిణి తల వంచి చూసుకుంది. నడుము దాకా తడిసి ఉన్నాయి.

పోలీసులు, పంచనామా, మళ్లీ బస్సు. చిక్కడపల్లి ఇంటికి చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. తల్లి వేదవతి ఏడుస్తూనే పొడి బట్టలు కట్టబెట్టింది. కూతురి కుడి చెయ్యి బిగిసి ఉండటం చూసి, ఆముదం కాచి రాసి, వేళ్లు విప్పబోయింది. ఒక్క వేలూ కదలలేదు. ఎవరి మణికట్టునో పట్టుకున్నట్టు అలాగే ఉన్నాయి.

వాటి సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.