లేచి నిలబడ్డ రోజు

అభ్యర్థి నాగేందర్ తల్లి కనిపించడం లేదు.

బోధన్ ఇన్‌స్పెక్టర్ ఉమారాణికి ఆ ఫోన్ వచ్చేసరికి ఉదయం ఎనిమిదిన్నర. ప్రచారానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి మైకులు బంద్. ఆలోగా మూతబడ్డ చక్కెర మిల్లు గేటు ముందు పెద్ద సభ. వేదిక మీద కొడుకు పక్కన తల్లి భీమవ్వ కూర్చుంటుందని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు.

జీప్ దిగేసరికి ఇంటి ముందు జనం. కొందరి చేతుల్లో కర్రలు.

"ఎవరి మీదికి ఇవి?"

"లింగం మీదికి మేడం," అన్నాడు నాగేందర్ సెక్రటరీ మల్లికార్జున్. "పొద్దుగాల అవ్వతోని బస్టాండ్ల కనవడ్డడు. అవతలి పార్టీల తిరుగుతడు. ఆయనే ఎత్తుకపోయిండు."

"ఎవరు చూసిండ్రు?"

"చాయ్ హోటలాయన."

"లింగం ఇంటి మీద ఒక్క రాయి పడ్డా ఎఫ్ఐఆర్ల మొదటి పేరు నీదే. కర్రలు దించమను."

భీమవ్వ గదిలో ఏదీ చెదిరి లేదు. పక్క మడిచి ఉంది. చీరల పెట్టెకు తాళం ఉంది. గోడకు ఆమె భర్త పోశన్న ఫోటో. బతికినంతకాలం మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. మిల్లు మూతబడ్డాక కూడా సైరన్ మోగుతుందేమోనని పొద్దున్నే లేచి వాకిట్లో కూర్చునేవాడు. అది మోగకుండానే పోయాడు. ఫోటో కింద పోయిన తేదీ ఉంది. మూడేళ్ల కిందటి ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.

ఫోటో ముందున్న బల్ల మీద పలచటి దుమ్ము. అందులో ఒక గుండ్రటి మచ్చ.

"ఇక్కడ ఏముండె?"

"ఇత్తడి చెంబు," అంది కోడలు శైలజ. "మామ నీళ్లు తాగే చెంబు. అది కూడ కనవడ్తలేదు."

ఎత్తుకుపోయేవాడు చెంబు తీసుకుపోనివ్వడు. ఉమారాణి ఆ మాట పైకి అనలేదు.

"ఈ మధ్య ఎట్లుంది మీ అత్తమ్మ?"

"రెండు దినాలాయె, బుక్కెడు మెతుకులు సరిగ తినలే. మొన్న మా గల్లీకి ప్రచారం ఎల్ఈడీ బండి వచ్చింది. మిల్లు భూములు అమ్మే బిల్లుకు ఈయన అసెంబ్లీల ఎదురు నిలవడ్డ వీడియో ఏసిండ్రు. అత్తమ్మ మూడుసార్లు ఏపిచ్చుకున్నది. కొడుకును సూసి మురుస్తున్నదనుకున్న. బండి పొయ్యేటప్పుడు తెరకాడికి పొయ్యి, బొమ్మల ఆయన తలను చెయ్యితోటి నిమిరింది."

"తలనా? ముఖాన్నా?"

"తలనే మేడం."

నాగేందర్ గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీతోని ఏమన్న మాటపట్టింపు వచ్చిందా?"

"అవ్వకు నాతోని పంచాయతీ ఏంది మేడం? పసుపు ధరకు కొట్లాడిన. బీడీ పింఛన్ల కోసం కొట్లాడిన. మిల్లు కోసం సొంత పార్టీకే ఎదురు ఓటేసిన. నా ఓటు మీద అవతలోళ్లు అబద్ధాలు చెప్తున్నరు. ఇప్పుడు అవ్వను మాయం చేసిండ్రు."

ఆ మాటలు సభలో చెప్పి చెప్పి అరిగిపోయినవి. ఒక్క 'అవ్వ' అన్న మాటే కొత్తగా వినబడింది.

పది గంటలకు లింగం స్టేషన్‌లో ఉన్నాడు. పోశన్నతో పాటు బాయిలర్ దగ్గర పనిచేసినవాడు. బక్కపలచని మనిషి, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు.

"భీమవ్వ ఏది?"

"బస్సెక్కించిన."

"ఏ బస్సు?"

లింగం కిటికీ వైపు తిరిగాడు.

"బయట కర్రలున్నయి లింగన్నా. నీ ఇల్లు కాలవెడ్తరు."

"కాలనియ్యి." లింగం నవ్వాడు. "మా వదినకు ఒక్కడే కొడుకు. ఇయ్యాల ఆమె ఇంటి ముందట రెండు వందల మంది కొడుకులు పుట్టిండ్రు. ఎలక్షన్ల కాన్పులు గిట్లనే అయితయి మేడం."

"ఎందుకు చెప్పవు?"

"నిన్న ఇంటికొచ్చి మాట తీసుకున్నది."

"నిన్న ఆమెకు ఏం చూపించినవు?"

లింగం చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది. ఉమారాణి చెయ్యి చాపింది. ఆయన ఫోన్ ఇచ్చాడు.

ఆఖరున చూసిన వీడియో మూడేళ్ల కిందటి అసెంబ్లీది. ఉమారాణి ఒకసారి చూసింది. ఏమీ తోచలేదు. రెండోసారి మధ్యలో ఆపి, తెర మీదికి వంగింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది.

"ప్రేమ్, జీప్ తియ్యి," అంది కానిస్టేబుల్‌తో. "లింగన్నా, నువ్వు కూడ రా."

నాగేందర్ ఇంటి హాల్లో తలుపులు వేయించింది. నాగేందర్, శైలజ, మల్లికార్జున్, లింగం. టీవీలో ముందు ప్రచారం వీడియో పెట్టించింది. అసెంబ్లీలో నాగేందర్ చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు. వెనకాల డప్పుల పాట.

"ఏ రోజుది ఇది?"

"మిల్లు బిల్లుకు ఓటింగైన దినంది. మార్చి పదకొండు," అన్నాడు మల్లికార్జున్. "కింద రాసే ఉంది గద మేడం."

"పోశన్న పెద్దకర్మ ఎప్పుడైంది?"

నాగేందర్ భార్య వైపు చూశాడు. శైలజే చెప్పింది. "మార్చి పది. కందకుర్తిల, గోదారి ఒడ్డుకు."

"అక్కడ కొడుకు ఏం చేయించుకున్నడు?"

శైలజ చెప్పబోతూ తెర వైపు తిరిగింది.

తెర మీద నాగేందర్‌కు ఒత్తుగా జుట్టుంది. పక్కపాపిడి.

"పదో తారీఖు తండ్రి పేరు మీద గుండు చేయించుకున్న మనిషికి పదకొండుకు ఇంత జుట్టు ఎట్లొచ్చింది?" అంది ఉమారాణి. "ఈ వీడియో ఊరంతా చూసింది. అందరూ చెయ్యిని చూసిండ్రు. తల్లి తలను చూసింది."

"పసుపు ధర మీద మాట్లాడిన దినంది అది," అన్నాడు మల్లికార్జున్, గొంతు తగ్గించి. "ఎవరు గుర్తువడ్తరనుకున్న."

ఉమారాణి లింగం ఫోన్‌ను టీవీకి కలిపింది. పాట లేదు. స్పీకర్ గొంతు ఒక్కటే. బిల్లుకు అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడాలి, లెక్కిస్తాము. మూడో వరుస మొత్తం లేచింది. అందులో ఒక నున్నటి గుండు. వ్యతిరేకించేవారు లేవాలి అన్నప్పుడు, ఆ గుండు కూర్చునే ఉంది.

శైలజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పార్టీ విప్ ఉండె," అన్నాడు నాగేందర్. "లేవకపోతే నా సీటు పోతుండె. నేనొక్కన్ని కూసుంటె బిల్లు ఆగుతుండెనా మేడం? మీరే చెప్పండ్రి."

"మీ ఓటు నాకెందుకు? నేను మీ అమ్మను వెతుకుతున్న. మీ బాపు చెంబు పట్టుకొని ఎక్కడికి పోయి ఉంటదో ఇప్పటికీ తోస్తలేదా?"

నాగేందర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కందకుర్తి," అన్నాడు.

లింగం కళ్లు మూసుకున్నాడు. "నేను చెప్పలే వదినా," అని గొణిగాడు. "నిన్న మా ఇంటికొచ్చి, ఆ దినం బొమ్మ సూపియ్యమన్నది. సూసి, ఎవరికీ చెప్పకు లింగం, కొడుకు పరువు పోతదన్నది."

గోదావరిలో మంజీర కలిసే చోట మెట్ల మీద ఎండ చురుక్కుమంటోంది. భీమవ్వ నీళ్లకు దగ్గరగా కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి చెంబు. తల నిండా కొంగు.

"అవ్వా," అన్నాడు నాగేందర్.

ఆమె తిరిగింది. కొంగు జారింది.

తల మీద వెంట్రుక లేదు. చెవి వెనక కత్తి గీసుకున్నచోట నెత్తురు ఎండి ఉంది.

నాగేందర్ రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

"పెద్దకర్మ తెల్లారి నేనే తోలిన గద నిన్ను," అంది భీమవ్వ. కోపం లేదు ఆ గొంతులో. "గుండుకు గాలి తగుల్తదని మీ బాపు తువ్వాల సుట్టిన. పొయ్యి మిల్లు కోసం నిలవడు బిడ్డా అన్న. నిలవడ్డవు."

"అవ్వా, నా మాటిను..."

"నువ్విచ్చిన ఎంటికలు ఆయనకు ముట్టలే. గందుకే నావి ఇచ్చిన."

నాగేందర్ ఏడుస్తూ మెడలోని పార్టీ కండువా తీసి, ఎండకు అడ్డంగా తల్లి తల మీద కప్పాడు. ఆమె దాన్ని నెమ్మదిగా తీసింది. మడతపెట్టింది. అతని చేతిలో పెట్టి కొంగు కప్పుకుంది.

"సభకు రాను. ఎల్లుండి ఓటుకు వస్త. ఎవరికేస్తవని అడగకు."

చెంబు అందుకుని నీళ్లలోకి వంగింది.

ఉమారాణి చేతిలో వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. "మేడం, ఈడ జనం అడుగుతున్నరు. అవ్వ దొరికిందా? మంచిగున్నదా?"

"దొరికింది," అంది ఉమారాణి.

రెండో ప్రశ్నకు సెట్ ఆపేసింది.