గాలిమోటరు బావి

శంషాబాద్ దగ్గర పాల్మాకుల దాటి మట్టిబాట పట్టుకుని పోతే ఒక పాత వ్యవసాయ బావి ఉండేది. పొద్దుగూకితే ఆ దిక్కు మేకలు కూడా పోయేవి కావు. మేకలు కాసేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

డెబ్బై ఒకటి యుద్ధంలో, రాత్రి దీపం పెట్టొద్దన్న బ్లాకౌట్ రోజుల్లో, ఆ బావి పక్కనే మిలిటరీ హెలికాప్టర్ కూలి నలుగురు పోయారు. ఊళ్ళో దాన్ని గాలిమోటరు అనేవారు. బావికి కూడా ఆ పేరే పడింది. అప్పటినుంచీ చీకటి పడగానే బావిలోంచి ఒక వెలుగు మెల్లగా పైకొస్తుందట... గట్టు మీద కాసేపు నిలబడుతుందట... మళ్ళీ లోపలికి దిగిపోతుందట. తల తెగిన పైలట్ లాంతరు పట్టుకుని తల వెతుక్కుంటున్నాడని చెప్పుకునేవారు. తల లేనివాడు ఏ కళ్ళతో వెతుకుతాడని నేనొకసారి అడిగాను. ఊరంతా నావైపు జాలిగా చూసింది.

2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచారు. దెయ్యానికి ప్రమోషన్ వచ్చింది. అంతవరకు ఉత్త వెలుగే. ఇప్పుడు చప్పుడు కూడా. విమానం నెత్తిమీదుగా దిగినప్పుడల్లా బావి అడుగునుంచి... దబ్... దబ్... దబ్... రెక్కలు తిరుగుతున్నట్టు.

చచ్చినవాళ్ళు విమానాన్ని పిలుస్తున్నారన్నారు.

ఆ హెలికాప్టర్ ఉన్న మిలిటరీ యూనిట్‌లోనే నేనూ పనిచేశాను, అలాగని నన్ను వీరుడనుకునేరు. నేను వంటవాణ్ణి, పేరు గోపయ్య. ఆ యుద్ధంలో నా చేతిలో తెగినవన్నీ ఉల్లిగడ్డలే. కన్నీళ్ళు పెట్టుకున్న మాట మాత్రం నిజం. చదువు అయిదో తరగతిలోనే నన్ను చూసి పారిపోయింది. మిగతా అక్షరాలు బియ్యం బస్తాల మీద నేర్చుకున్నాను. అందుకే నా రాత కొంచెం బరువుగా ఉంటుంది.

నాతోపాటు అదే యూనిట్‌లో చేసినవాళ్ళు ఇంకో ఇద్దరు శంషాబాద్‌లో ఉండేవారు. ఒకడు పెంటయ్య. రేడియో ఆపరేటర్. హెలికాప్టర్ కూలిన సాయంత్రం చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చున్నది వాడే. రెండోవాడు కుర్మయ్య. ఆ హెలికాప్టర్‌కు ఫిట్టర్.

కుర్మయ్యను నలుగురిని చంపినవాడు అనేవారు. ఎదురుగా అనరు... సైకిల్ పంక్చర్ వేయించుకుని, వాడి షాపు మలుపు తిరిగాక అనేవారు.

సంగతి ఏమిటంటే — హెలికాప్టర్ రెక్కను బిగించే నట్టు అదురుకు వదులు కాకుండా, దానికి సన్నటి తీగ గుచ్చి, మెలిపెట్టి కడతారు. కుర్మయ్య ఆ తీగ కట్టడం మరిచాడనీ, రెక్క గాలిలోనే ఊడిపోయిందనీ ఎంక్వయిరీలో తేల్చారు. ఊడిన రెక్క ఏదయ్యా అంటే, దొరకలేదన్నారు. దొరకని రెక్కకు తీగ లేదని ఎట్లా తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. కుర్మయ్యను ఇంటికి పంపారు.

పెంటయ్య కూడా సాక్ష్యం చెప్పాడు. పైలట్ చివరి మాటలు రెండే విన్నానన్నాడు. "దీపాలేవి... దీపాలేవి..."

ఆ రాత్రి హెలికాప్టర్ దిగాల్సిన చోట నేల మీద దీపాలు వెలిగించాల్సిన ఆఫీసరు లేచి, దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయని ప్రమాణం చేశాడు. పెంటయ్యను చెవులు చూపించుకోమన్నారు.

ఆ ఆఫీసరు పేరు నేను రాయను. రాస్తే ఇంకో దండ వేసినట్టవుతుంది. పిల్లికళ్ళ మనిషి. ప్రతి డిసెంబరులో ఆ నలుగురి ఫోటోలకు దండలు వేసి, తెల్లటి రుమాలుతో కళ్ళు తుడుచుకునేవాడు. ఆయన వెనక నిలబడి మేమూ సెల్యూట్ కొట్టేవాళ్ళం. కుర్మయ్యను గేటు దగ్గరే ఆపేవారు. ఆ ఆఫీసరు చనిపోయినప్పుడు తుపాకులు పేల్చి మరీ సాగనంపారు.

నా దగ్గర ఏ సాక్ష్యమూ లేదు. ఆ సాయంత్రం పప్పులో ఉప్పు ఎక్కువైందనీ, నలుగురి పళ్ళాలు మూతపెట్టి ఉంచాననీ... అంతే.

2010 డిసెంబరులో ఒక సాయంత్రం నేను కుర్మయ్య షాపులో కూర్చుని ఉండగా పెంటయ్య వచ్చి నిలబడ్డాడు. ఆ బావి చుట్టూ ప్లాట్లు చేస్తున్నారట. పొద్దున్నే జేసీబీ వచ్చి బావి పూడ్చేస్తుందట.

కుర్మయ్య ట్యూబు రుద్దుతూ తల ఎత్తలేదు. "పూడ్సనీ."

పెంటయ్యకు మండింది. రెక్క దొరికితే మచ్చ పోతుందని ముప్పై తొమ్మిదేళ్ళు గుట్టలు గాలించాడు కుర్మయ్య. ఎండిన కుంటలు గాలించాడు. ఊరు కూడా మారకుండా ఇక్కడే పాతుకుపోయాడు. "అన్నీ దేవులాడినవ్. గా ఒక్క బావిల ఎందుకు సూడలేదురా? దెయ్యానికి భయపడే మొఖమేనా నీది?"

కుర్మయ్య ట్యూబు కింద పెట్టాడు.

"రెక్క ఆడనే ఉండి... దానికి తీగ లేకపోతే?"

కుర్మయ్య తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఆ పొద్దు బ్లాకౌట్. చీకట్ల చేతులతోని తడుముకుంట కట్టిన. కట్టిననే అనుకుంటున్న. ఎన్నిసార్లు అనుకున్ననో... ఇగ అనుకున్నదేందో, కట్టిందేందో తెలుస్తలేదు గోపయ్యా."

పగలైతే ప్లాట్లవాళ్ళు కొనేవాళ్ళను తప్ప ఎవర్నీ రానివ్వరు. మర్నాటికి బావే ఉండదు. కుర్మయ్య పానా జేబులో వేసుకుని లేచాడు, చీకటి పడగానే బయల్దేరాం. ముందు నడిస్తే దెయ్యం ఎదురొస్తుంది, వెనక నడిస్తే పట్టుకుంటుంది. వంటవాడు ఎప్పుడూ మధ్యలోనే ఉండాలి. ఉన్నాను.

చలి. రంగు పూసిన హద్దురాళ్ళు పాతిన ఖాళీ పొలం. ఒక మూల జేసీబీ, మెడ వంచుకుని నిద్రపోతున్న జంతువులా. దూరంగా ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు. బావి మీద మాత్రం ఒక్క వెలుగు చుక్క లేదు.

అప్పుడు విమానం వచ్చింది. పొట్ట కింది చక్రాలు కనిపించేంత కిందుగా. దాని మోత పోయీ పోకముందే...

దబ్... దబ్... దబ్...

నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. నేను తిప్పలేదు. కుర్మయ్య నా మెడ పట్టుకుని ఆపాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"రేకు," అన్నాడు గుసగుసగా. "లోపల బోలు రేకు. విమానం మోతకు అదురుతున్నది."

దెయ్యం రేకుదని తేలేసరికి నాకు ధైర్యం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. బావిలోంచి వెలుగు పైకి రాసాగింది.

మెల్లగా. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతున్నట్టు... ఆగి... మళ్ళీ ఎక్కి... గట్టు మీద నిలబడింది. నాకు తెలిసిన దేవుళ్ళనందర్నీ పిలిచాను. తెలియనివాళ్ళను కూడా.

"ఎవల్రా అది?" అంది వెలుగు. "రాత్రిపూట కూడ ప్లాట్లు కొననీకె వచ్చిండ్రా?"

ఆమె రుక్కమ్మ. ఆ బావి ఆమె అత్తగారి వాళ్ళది. కొడుకు పొలం అమ్ముకున్నాడు. తెల్లారితే ఆమె గుడిసె కూడా పోతుంది. చేతిలో దీపం చాయ్ కెటిల్‌లా ఉంది, పొడుగు ముక్కు చివర వత్తి మండుతోంది. పెంటయ్య ఆ దీపాన్నే చూస్తున్నాడు.

"ఇది నీకెక్కడిదక్కా? ఇది మిలిటరీ దీపం. గాలిమోటరు దిగేతందుకు నేల మీద పెడతరు."

రుక్కమ్మ మాకేసి ఒక్కొక్కరినే ఎగాదిగా చూసింది. మేం ఎవరమో చెప్పాం. ఆమె గట్టు మీద కూలబడింది. అప్పుడు చెప్పింది.

డెబ్బై ఒకటిలో ఆమె కొత్త కోడలు. ఆ పొద్దు మధ్యాహ్నం జవాన్లు బండిలో దీపాలూ, వాటిలో పోసే గాస్‌నూనె డబ్బాలూ తెచ్చి వాళ్ళ కొట్టం ముందర దించి పోయారు. సాయంత్రం సారు వచ్చి వెలిగిస్తాడు, ముట్టుకోవద్దన్నారు. చీకటి పడింది. సారు రాలేదు. గాలిమోటరు వచ్చింది.

"నెత్తి మీదనే తిరిగింది. తిరిగింది... తిరిగింది. నా పెనిమిటి అగ్గిపెట్టె తీసిండు. నేనే చెయ్యి పట్టిన. దీపం వెడితే జైలని డప్పు చాటింపు ఉండె గద. ఇగ నేనే పట్టిన..."

అది కిందికి దిగి దిగి తాటిచెట్లకు తగిలింది.

తెల్లవారి అందరికన్నా ముందు వచ్చింది పిల్లికళ్ళ సారు. వెలగని దీపాలు చూశాడు. చెట్లకు కొట్టుకుని విరిగిపడ్డ రెక్కనూ చూశాడు. రెక్క తాటిచెట్టు దగ్గర దొరికితే, అది చెట్టుకే తగిలి విరిగిందని తెలిసిపోతుంది. చెట్టుకు ఎందుకు తగిలిందని అడుగుతారు. దీపాల సంగతి వస్తుంది. వెంట ఉన్న జవాన్లతో రెక్కనూ దీపాలనూ నిండు బావిలోకి తోయించాడు. నోరు విప్పితే దీపాలు దాచిన శత్రువుల మనుషులని రాసి పంపిస్తానని రుక్కమ్మ భర్తను బెదిరించాడు. ఎవరన్నా అడిగితే ఈ బావిలో దెయ్యముందని చెప్పు, ఎవడూ రాడు అన్నాడట.

అంటే ఆ దెయ్యాన్ని అక్కడ డ్యూటీలో వేసింది మా ఆఫీసరే. లీవు లేదు, ట్రాన్స్‌ఫర్ లేదు. జోకు బాగానే ఉంది. కానీ ఎన్ని డిసెంబర్లు ఆ రుమాలు వెనక నిలబడి చెయ్యి ఎత్తానో, ఆ చెయ్యి నరుక్కుందామనిపించింది.

రుక్కమ్మ గడ్డిలో దాచిన నాలుగు దీపాలు మాత్రం మిగిలాయి. అందులో ఒకటి ప్రతి రాత్రీ బావిలోకి తీసుకుపోయి, ఆ పోయిన నలుగురికీ చూపించి వస్తోంది ఆమె. ఆలస్యమైనా.

"గిన్నేండ్లు ఎవలకు చెప్పలేదేందక్కా?" అన్నాడు కుర్మయ్య.

"ఎవలడిగిండ్రు? రాత్రి దెయ్యమని రారు. పగటీలి వచ్చినోళ్ళు గజం ఎంతని అడుగుతరు."

కుర్మయ్య ఆమె చేతిలోంచి దీపం తీసుకుని మెట్లు దిగాడు.

బోరుబావులు నీళ్ళు లాగేశాక బావి ఎండిపోయింది. తుమ్మకంప మధ్య రెక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొదలు పైకి. మేం పైనుంచి చూస్తున్నాం. దీపం దాని దగ్గర ఆగింది. చాలాసేపు కదల్లేదు.

"గోపయ్యా," అని పిలిచాడు. "దిగు."

"నేనెందుకురా?"

"నాకు కనబడుతున్నది. కానీ నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు సూసి చెప్పు."

దిగాను. ఎట్లా దిగానో అడగొద్దు. సగం మెట్లు కూర్చునే దిగాను.

రెక్క మధ్యలో విరిగింది. మొదలు మాత్రం దాన్ని పట్టిన ఇనుప ముక్కతో సహా ఊడి వచ్చింది. ఇనుములో నట్టు అట్లాగే ఉంది. నట్టుకు తీగ... కుర్మయ్యది ఎడమచేతివాటం. వాడు కట్టిన తీగ మెలి అందరి మెలికీ ఎదురు తిరిగేది. ఆ మెలి కోసం వాడు తిన్న తిట్లు మా మెస్ దాకా వినిపించేవి. మట్టి వేలితో తుడిచి, ముక్కు ఆనించి చూశాను.

"ఉన్నదిరా. ఎడమ మెలి."

వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. జేబులోంచి పానా తీసి ఆ రెక్కను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బావి అంతా మోగింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, ఊపిరి తీసుకుని, పైకెక్కాడు.

"మిగతా మూడు దీపాలు ఏవక్కా?"

రుక్కమ్మ గుడిసెలోంచి తెచ్చింది. గాస్‌నూనె పోసింది. ఖాళీ పొలంలో నాలుగు మూలలా నాలుగు దీపాలు పెట్టాడు కుర్మయ్య, మధ్యలో హెలికాప్టర్ పట్టేంత చోటు వదిలి. చేతిలోది వెలుగుతూనే ఉంది, ఇంకో రెండు వాడు వెలిగించాడు. నాలుగోదానికి అగ్గిపెట్టె రుక్కమ్మ చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

అంతే. కాసేపటికే ఎయిర్‌పోర్టు వైపునుంచి జీపు ఉరికొచ్చింది. పైన ఎర్రలైటు, కింద ధూళి. ఒక కుర్ర ఆఫీసరు దూకాడు, ఆంధ్రా పక్క మాట.

"ఎవరండీ ఈ దీపాలు పెట్టింది? ఇది విమానాలు దిగే దారి. పైలట్లు చూసి కంగారుపడి కబురు చేశారు. ఆర్పేయండి వెంటనే."

కుర్మయ్య అతని దగ్గరకు పోయాడు. "కబురొచ్చినంక ఎంతసేపట్ల వచ్చినవు బాబూ?"

"పది నిమిషాలు."

"నాలుగు దీపాలకే పది నిమిషాలల్ల ఉరికొచ్చినవు. ఆనాడు నలుగురు మనుషులు దీపాలేవి, దీపాలేవి అని మొత్తుకుంట తిరిగిండ్రు. ఎవడు రాలే."

"ఏ నలుగురు? చూడండి పెద్దాయనా, ముందు ఆర్పండి. లేకపోతే నేనే ఆర్పుతాను."

"ఇంకా దిగలేదు వాళ్ళు," అన్నాడు కుర్మయ్య.

ఆఫీసరు విసుగ్గా దీపం వైపు అడుగు వేశాడు.

దబ్...

ఆగాడు.

దబ్... దబ్... దబ్...

నేను బావి వైపు చూశాను. చప్పుడు అక్కడినుంచి రావడం లేదు. పైనుంచి వస్తోంది. కుర్ర ఆఫీసరు తల ఎత్తాడు. పెంటయ్య రెండు చేతులతో చెవులు నొక్కుకున్నాడు, ఆనాటి యంత్రాన్ని నొక్కి పట్టుకున్నట్టు. ఆకాశంలో ఒక్క విమానం లేదు. చుక్కలే.

గాలి లేదు. బావి పక్కన గడ్డి కూడా కదలడం లేదు. అయినా దీపాలు వంగాయి. గాలికి వంగితే నాలుగూ ఒకే దిక్కుకు వంగాలి. ఇవి నాలుగు దిక్కులకు వంగాయి. మధ్యనుంచి బయటికి, నేలకు ఆనేంతగా. చదరం నడుమ దుమ్ము లేచింది. నా భుజం మీది తువ్వాలు ఎగిరిపోయింది.

చప్పుడు కిందికి వచ్చింది... ఇంకా కిందికి... మెల్లబడింది.

దబ్... దబ్......... దబ్.

ఆగింది. నాలుగు వత్తులూ నిటారుగా లేచి నిలబడ్డాయి.

కుర్ర ఆఫీసరు టోపీ చేతిలోకి ఎప్పుడు తీసుకున్నాడో అతనికే తెలియదు. కుర్మయ్య మాత్రం ఆ ఖాళీ చోటును ఒకసారి నిండుగా చూసి, అతని వైపు తిరిగాడు.

"ఇగ ఆర్పుకో," అన్నాడు.