తేనెటీగలు కుట్టిన ఎడమ కాలు

...మంట తెలిసింది కదా, అంటే నరం బతికే ఉన్నట్టు కదా, బతికి ఉంటే మిగతాదంతా మెల్లగా అదే వస్తుంది కదా అనుకుంటూ మురళీకృష్ణ ఇప్పచెట్టు నీడలో కూర్చుని తన ఎడమ పాదాన్ని చూసుకుంటున్నాడు. పాదం ఎర్రగా ఉబ్బింది. అతనికి దాన్ని చూస్తే ముద్దొచ్చింది. ఏడాదిగా ఎవరి కాలో మోస్తున్నట్టు తిరిగినవాడికి, మంట పెట్టే కాలు తనదే అనిపించడం చిన్న సంగతి కాదు.

పెనుబల్లి అవతల, అడవి అంచున అతని తేనెటీగల పెట్టెలున్నాయి. వారానికోసారి అక్కడికి మనోజ్ఞ వస్తుంది. ఆమెది ఏన్కూరు, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పెట్టె ముందు సన్నని తీగలున్న గాజుపలక పెట్టి కొద్దిగా కరెంటు పారిస్తుంది. ఈగలు ఉలిక్కిపడి గాజును కుడతాయి, కానీ చావవు. ఆరిన విషాన్ని తెల్లటి పొడిలా గీరి తీసుకుపోతుంది.

మొదటి రోజే ఇద్దరికీ గొడవైంది. "మా ఈగలకు షాకు పెడతారా!" అన్నాడు అతను. "మీ కడుపుల పుట్టినట్టు మాట్లాడుతున్నరేంది!" అంది ఆమె. ఆ తర్వాత ఆమె కోసం ఎదురుచూడటమే అతనికి పనైపోయింది.

ఒకరోజు మాటల్లో ఆమె చెప్పింది. కరెంటు తీగ మీద రబ్బరులాగా నరం మీద ఒక పొర ఉంటుందట. కొందరిలో రోగాల నుంచి కాపాడాల్సిన ఒంటి బలమే తిరగబడి ఆ పొరను తినేస్తుందట. ఈగల విషంలోని కొన్ని పదార్థాలు ఎలుకల్లో దానివల్ల వచ్చే వాపును తగ్గించాయట. తన జబ్బు అదేనని అతను చెప్పలేదు. ఆ రాత్రి నుంచి ఆశ అతన్ని నిద్రపోనివ్వలేదు.

"ఏంది ఆ కాలు?" మనోజ్ఞ వస్తూనే చేతిలోని గాజుపలక కింద పెట్టింది. "ఈగలు కుట్టినయా?"

"నేనే కుట్టించుకున్నాను. రోజూ."

"ఎందుకు?"

చెప్పేశాడు. హైదరాబాదులో తీసిన స్కానింగు, జబ్బు పేరు, ఇంట్లో ఫ్రిజ్‌లో ఊరికే పడున్న ఇంజెక్షన్లు.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇంజెక్షన్లు బంద్ చేసినవా? నా మాట పట్టుకొని?"

"మీరే కదా తగ్గిందన్నారు."

"ఎలుకలకని అన్న! నువ్వు ఎలుకవా?"

"అప్పుడప్పుడు."

"నవ్వకు! గొంతు వాచి ఊపిరి ఆడకపోతే దవాఖానాకు ఎవరు తీస్కపోతరు, ఈ ఈగలా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"కానీ మంట తెలుస్తోందండీ. పోయిన నెల ఏమీ తెలిసేది కాదు."

"ఈ జబ్బు గట్లనే. ఒక్కోసారి దానంతటదే తగ్గినట్టుంటది, మళ్ల వస్తది. విషం తగ్గించిందో, అదే తగ్గిందో నాకే తెల్వదు. తెల్వకనే గదా ఎండల పడి తిరుగుతున్న! అంత తొందరేముంది నీకు?"

"కుంటకుండా మీ ఇంటికి రావాలని. మీ నాన్నగారితో మాట్లాడటానికి."



"ముందు నాతోని మాట్లాడినవా?"

"ఇప్పుడు మాట్లాడుతున్నాను."

"కుంటుకుంటనే రా. మా నాయన నీ నడక చూడడు, తేనె తెచ్చినవా లేదా చూస్తడు." మనోజ్ఞ కళ్లు తుడుచుకుంది. "ఇంజెక్షన్ మాత్రం ఏసుకొని రా. నా పని తేలేదాకా ఆ నరాలు మిగలాలె గదా."

జబ్బు బయటపడినప్పటి నుంచి ఇంట్లో అందరూ అతనితో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఇలా తిట్టింది ఈమె ఒక్కతే. ఆ తిట్టు గుండెలో ఎక్కడో దిగి, గట్టిపడ్డదాన్నేదో కరిగించింది. దానికి దండం పెట్టాలనిపించింది.

"లే. డాక్టరు దగ్గరికి ఇయ్యాల్నే పోదాం. బండి రోడ్డు మీదనే ఉంది."

రోడ్డుకు దిగే దారి రాళ్లమయం. ఎప్పుడూ ఆమెను ముందు నడవమని, కుంటు కనబడకుండా అతను వెనక దిగేవాడు. ఈసారి అతనే ఆమె పక్కకు వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, తన బరువంతా మోపాడు.